మిల్ఫోర్డ్ తీసేయండి, హాస్ట్ దారికి ఒక రోజంతా ఇవ్వండి

ప్రశ్న: నవంబరు చివర్లో న్యూజిలాండ్ దక్షిణ దీవికి వెళ్తున్నాం. నేను, మావారు, తొమ్మిదేళ్ల బాబు, అత్తయ్య, మామయ్య. క్రైస్ట్‌చర్చ్‌లో దిగి, కారు అద్దెకు తీసుకుని తిరిగి, మళ్లీ అక్కడే విమానం ఎక్కాలి. మధ్యలో ఏడు రాత్రులు. మావారు ఎక్సెల్ షీట్‌లో ప్లాన్ మొత్తం వేసేశారు. దిగిన రోజే టెకాపో, తర్వాత మౌంట్ కుక్, క్వీన్స్‌టౌన్, అక్కణ్ణుంచి ఒక్క రోజులో మిల్ఫోర్డ్ సౌండ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) వెళ్లి రావడం, ఆ తర్వాత పడమటి తీరం, గ్లేసియర్లు, ఆర్థర్స్ పాస్ మీదుగా వెనక్కి. లెక్క వేస్తే దాదాపు 1,900 కిలోమీటర్లు వచ్చింది. అత్తయ్యకి మలుపుల రోడ్డంటే వాంతులు. మామయ్యకి మోకాళ్ల నొప్పులు. నాకు లైసెన్స్ ఉంది కానీ ఘాట్ రోడ్డు మీద ఎప్పుడూ నడపలేదు, తలుచుకుంటేనే టెన్షన్. "అంత దూరం వెళ్లి మిల్ఫోర్డ్ చూడకుండా ఎలా వస్తాం" అంటారు మావారు. కొండలు, సరస్సులు, సముద్రం మూడూ చూడాలని నాకూ ఉంది. ఇది అయ్యే పనేనా?
ఒక పాఠకురాలు

సమాధానం: అవుతుంది. ఆ వయసు పెద్దవాళ్లతో, ఆ షీట్ ప్రకారం మాత్రం వెళ్లకండి. మిల్ఫోర్డ్ తీసేయండి. ఈ మాట మీవారికి నచ్చదని తెలుసు, అందుకే కారణాలు కూడా చెబుతాను.

క్వీన్స్‌టౌన్ నుంచి మిల్ఫోర్డ్‌కి దాదాపు 290 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకపోతే నాలుగు గంటలు. రోడ్డు అక్కడితో ఆగిపోతుంది కాబట్టి వెళ్లిన దారినే వెనక్కి రావాలి. పడవ షికారుకి ఇంకో రెండు గంటలు. భోజనం, బాత్రూమ్, ఫొటోలు కలిపితే పన్నెండు గంటలు దాటిపోతుంది. ఆ మర్నాడే మళ్లీ గ్లేసియర్ల దాకా 350 కిలోమీటర్లు. అత్తయ్యగారికి ఆ రెండు రోజుల్లో గుర్తుండేది వాంతుల కవరొక్కటే. మిల్ఫోర్డ్ గొప్ప చోటు, కాదనను. మీకున్న ఏడు రాత్రుల్లో అది పట్టదు, అంతే. అది తీసేస్తే ఈసారికి క్వీన్స్‌టౌన్‌కి వెళ్లాల్సిన పని కూడా ఉండదు. లిండిస్ పాస్ దిగి నేరుగా వనాకా వెళ్లిపోవచ్చు. మొత్తం 1,200 కిలోమీటర్లకి దిగుతుంది.

రెండోది, దిగిన రోజే టెకాపో వెళ్లాలన్న ఆలోచన. ఇది నాకు మిల్ఫోర్డ్ కన్నా ఎక్కువ భయం వేసిన విషయం. నవంబరులో అక్కడి గడియారం మన కన్నా ఏడున్నర గంటలు ముందుంటుంది. పొద్దున్న ఎనిమిదింటికి మీవారు హుషారుగా స్టీరింగ్ పట్టుకుంటారు, ఆయన ఒంటికి మాత్రం అది అర్ధరాత్రి పన్నెండున్నర. అప్పటికే విమానంలో సరిగ్గా నిద్ర ఉండదు. ఎదురుగా ఎవరూ రాని తిన్నటి రోడ్డు. కునుకు పట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? మొదటి రాత్రి క్రైస్ట్‌చర్చ్‌లోనే పడుకోండి. కారు మర్నాడు తీసుకుంటే ఒక రోజు అద్దె కూడా మిగులుతుంది.

రెండో రోజు టెకాపో. 230 కిలోమీటర్లు, మూడు గంటలు. బర్క్స్ పాస్ దాటగానే చెట్లు తగ్గిపోయి ఎండుగడ్డి మైదానం తెరుచుకుంటుంది, కాసేపటికి ఆ సరస్సు. ఫొటోల్లో చూసి రంగు వేశారేమో అనుకుంటాం కానీ అది అసలు రంగే. హిమనదాలు కొండని రుబ్బుకుంటూ కిందికి జారతాయి. ఆ రాపిడికి రాయి మెత్తటి పిండి అవుతుంది. ఆ పిండి నీళ్లలో కలిసి, అడుక్కి దిగకుండా తేలుతూనే ఉంటుంది. దాని మీద వెలుగు పడి చెదిరినప్పుడు నీళ్లు అలా పాలు కలిపిన నీలంలా కనిపిస్తాయి. అంటే ఎండ కావాలి. మబ్బు పడితే రంగు సగానికి సగం తగ్గుతుంది, కాబట్టి ఎండ కనబడిన గంటలోనే ఒడ్డుకి వెళ్లిపోండి, గదిలో పెట్టెలు తర్వాత సర్దుకోవచ్చు. ఒడ్డున 1935లో కట్టిన చిన్న రాతి చర్చి ఉంది, అందరూ తీసే ఫొటో అదే. నవంబరు చివర కాబట్టి ఒడ్డంతా ఊదా, గులాబీ రంగుల లూపిన్ పూలు కూడా ఉంటాయి. అవి అక్కడి మొక్కలు కావు, కలుపు కింద లెక్క. అయినా ఫొటోలు మాత్రం వాటితోనే.

రాత్రి ఇంకా బాగుంటుంది. ఆ ప్రాంతాన్ని 2012లో అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు, వీధి దీపాల వెలుతురు మీద కూడా ఆంక్షలుంటాయి. ఆ రోజుల్లో పొద్దు గుంకేసరికే తొమ్మిదవుతుంది, బాగా చీకటి పడేసరికి పదకొండు. అంతసేపు బాబు మేలుకుంటాడా అని బెంగ వద్దు. వాడి ఒంటికి అప్పుడు మధ్యాహ్నం మూడున్నర! జెట్‌ల్యాగ్ పనికొచ్చే చోటు ఇదొక్కటే. మన ఆకాశంలో చూడలేని మెజెల్లానిక్ మేఘాలనే పక్క గెలాక్సీలు అక్కడ కంటికే కనిపిస్తాయి, రెండు చిన్న మబ్బు తునకల్లా. మనకి తెలిసిన ఒరాయన్ నక్షత్రాల గుంపు తలకిందులుగా ఉంటుంది. చంద్రుడు బాగా వెలిగే రోజులైతే ఇదంతా తగ్గుతుంది, టికెట్లు ఇంకా కొనకపోతే అమావాస్య దగ్గర తేదీలు చూసుకోండి.

మూడో రోజు మౌంట్ కుక్. మామయ్యగారి మోకాళ్ల సంగతి విన్నాక చెబుతున్నాను, అక్కడ నడక చేయకపోయినా నష్టం లేదు. పుకాకీ సరస్సు పక్కనే 55 కిలోమీటర్ల రోడ్డు నేరుగా ఆ శిఖరం వైపు వెళ్తుంది. ఎడమ చేతి వైపు కొండ, కుడి చేతి వైపు నీలం నీళ్లు, ఎదురుగా 3,724 మీటర్ల మంచు. ఆ దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ అదే. పెద్దాయన కారులో కూర్చునే చూడగలిగిన దృశ్యం. నడవగలిగినవాళ్లకి హుకర్ వ్యాలీ నడక ఉంది, పూర్తిగా వెళ్లి వస్తే పది కిలోమీటర్లు. అందులో ఎంతవరకు తెరిచి ఉందో ఆ పొద్దున అక్కడి విజిటర్ సెంటర్‌లో అడిగి బయల్దేరండి. టాస్మాన్ సరస్సు చూసే చోటుకి దగ్గరే కదా అని మామయ్యగారిని తీసుకెళ్లకండి, మూడు వందలకు పైగా మెట్లున్నాయి. ఆయన, అత్తయ్యగారు హిల్లరీ పేరు మీద ఉన్న మ్యూజియంలో కూర్చోవచ్చు. ఎవరెస్ట్ ఎక్కకముందు, 1948లో, హిల్లరీ ఈ మౌంట్ కుక్‌నే దక్షిణపు గట్టు మీదుగా ఎక్కిన మొదటి బృందంలో ఉన్నాడు. బాబుకి చెప్పండి, కొండ వైపు చూసే చూపు మారుతుంది.

మేం వెళ్లిన రోజున పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ కొండ మబ్బుల్లోంచి బయటికే రాలేదు. తిరిగి వచ్చేస్తుంటే ఏడింటికి అద్దంలో కనిపించింది. నడిరోడ్డు మీద కారు ఆపుదామని మా తమ్ముడు గోల. దయచేసి ఆ పని మీరు చేయకండి, ఆగడానికి వేరే చోట్లు కట్టారు. అందుకే ఆ రాత్రి మౌంట్ కుక్ ఊళ్లోనే గది దొరికితే తీసుకోండి. సాయంత్రం, మర్నాడు పొద్దున్న, రెండు అవకాశాలు వస్తాయి. దొరక్కపోతే 65 కిలోమీటర్ల దూరంలో ట్వైజెల్ ఉంది.

ఇప్పుడు మీ డ్రైవింగ్ సంగతి. ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ ట్రిప్‌లో మీరు నడపడం అవసరం. ఒక్క మనిషి ఆరు రోజులు నడిపితే ఆయన చూసేది రోడ్డు మీది తెల్ల గీతనే.

ముందు ఊరట మాట. అక్కడ కూడా మనలాగే ఎడమ వైపు నడపాలి. లైసెన్స్ ఇంగ్లీషులో ఉంటే సరిపోతుంది, అసలు కార్డు దగ్గరుండాలి, ఫోన్‌లో ఫొటో ఉందంటే ఒప్పుకోరు. కారు తీసుకునేటప్పుడు మీ పేరు కూడా రెండో డ్రైవర్‌గా కాగితాల్లో రాయించండి. రాయించకుండా నడిపితే ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వర్తించదు. మొదట మీరు టెకాపో నుంచి పుకాకీ దాకా నడపండి. వెడల్పైన లోయ, తిన్నటి రోడ్డు, రద్దీ తక్కువ. నాలుగో రోజు లిండిస్ పాస్ కూడా మీరే దాటండి. దక్షిణ దీవి జాతీయ రహదారుల్లో అదే ఎత్తయిన చోటు, 971 మీటర్లు. పేరు వినగానే భయం వేస్తుంది కానీ అక్కడికి వెళ్తే ఆశ్చర్యపోతారు. బంగారు రంగు గడ్డి కప్పిన గుట్టల మధ్య మెల్లగా ఎక్కి మెల్లగా దిగే రోడ్డు. మన ఘాట్ రోడ్ల హెయిర్‌పిన్ మలుపులు ఊహించుకుని వెళ్తే, ఘాట్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూనే దాటేస్తారు.

కొత్తగా నేర్చుకోవాల్సింది ఒకటే, ఒంటి వరస వంతెనలు. రెండు వైపులకీ ఒకే వరస. ముందే బోర్డు ఉంటుంది, దాని మీద రెండు బాణాలు. మీరు వెళ్లే దిశ బాణం ఎర్రగా, చిన్నగా ఉంటే ఎదుటివాళ్లకి దారి ఇచ్చి మీరు ఆగాలి. మీది పెద్దగా, తెల్లగా, నీలం బోర్డు మీద ఉంటే ముందు హక్కు మీది. హక్కు మీదే అయినా ఎదుటివాడు ఆగాడని కళ్లారా చూశాకే ఎక్కండి. మన దగ్గర లైట్లు కొట్టి ముందుకు దూకే అలవాటు ఉంది చూశారూ, అది మీవారికి ఉంటే విమానాశ్రయంలోనే వదిలేయమనండి. హారన్ కూడా. మలుపు మలుపుకీ హారన్ కొట్టడం మనకి జాగ్రత్త, అక్కడ తిట్టినట్టు.

బయటి రోడ్ల మీద గరిష్ఠ వేగం సాధారణంగా గంటకి 100 కిలోమీటర్లు. అంత వేగంతో వెళ్లాలని రూలేం లేదు. మలుపుల ముందు పసుపు బోర్డు మీద 35, 45 అని అంకెలుంటాయి, ఆ అంకెల్ని నమ్మండి. మీ వెనక మూడు కార్లు పోగయితే ఖాళీ చూసి ఎడమకి జరిగి వాళ్లని పోనివ్వండి. అలా జరగడం మర్యాద, మీ మీద ఒత్తిడి కూడా పోతుంది. నడపడం రానివాళ్ల కన్నా జరగనివాళ్ల మీదే అక్కడివాళ్లకి కోపం. ఫోన్ చూపించే సమయానికి సగం కలుపుకోండి. మూడు గంటలంటే నాలుగున్నర.

నాలుగో రాత్రి వనాకా. సరస్సు నీళ్లలో ఒంటరిగా నిలబడ్డ విల్లో చెట్టు కోసం జనం క్యూ కడతారు. నాకైతే పది నిమిషాలకి మించి ఏం చూడాలో తెలియలేదు. ఆ సాయంత్రం పనికొచ్చే పనులు రెండు: ట్యాంక్ నిండా పెట్రోలు కొట్టించడం, ఫోన్‌లో మ్యాప్‌లు దింపుకోవడం. మర్నాటి దారిలో సిగ్నల్ చాలాచోట్ల ఉండదు.

ఆ మర్నాడే, ఐదో రోజే, మీ ఉత్తరానికి అసలు సమాధానం. కొండలు, సరస్సులు, సముద్రం మూడూ ఒకే రోజున ఒకే రోడ్డు మీద వస్తాయి. మీవారి షీట్‌లో ఆ హాస్ట్ దారి క్వీన్స్‌టౌన్ నుంచి గ్లేసియర్ల దాకా ఒక్క గడి, ఐదు గంటలు. ఆ గడికి రోజంతా ఇవ్వండి. వనాకా నుంచి ఫాక్స్ గ్లేసియర్‌కి దాదాపు 265 కిలోమీటర్లు. ఎనిమిదింటికి బయల్దేరి సాయంత్రం ఐదుకి చేరండి.

రోడ్డు ముందు హావెయా సరస్సు ఒడ్డున వెళ్తుంది. తర్వాత ద నెక్ అనే సన్నటి మెడ లాంటి చోట గట్టు దాటి వనాకా సరస్సు పై కొసకి దిగుతుంది. ఒక నీలం అయిపోయిందనుకునేలోపు ఇంకో నీలం. మకరోరా దాటాక ఎండుగడ్డి అంతా పోయి చీకటి పచ్చ అడవి మొదలవుతుంది. హాస్ట్ పాస్ 560 మీటర్లే, ఆ పర్వతాలని దాటించే కనుమల్లో తక్కువ ఎత్తున్నది. దాటినట్టు కూడా తెలియదు. అసలు వంపులన్నీ అవతలి దిగుడులోనే. అక్కడ మీవారిని నడపనివ్వండి, అత్తయ్యగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. చూపు ఫోన్ మీద కాకుండా దూరం మీద ఉండాలి. డాక్టరు చెప్పిన మాత్ర ఉంటే బయల్దేరే ముందే వేసుకోవాలి, వికారం మొదలయ్యాక కాదు. ఫ్యాన్‌టెయిల్, థండర్ క్రీక్ జలపాతాలు రెండూ రోడ్డు నుంచి కొద్ది నిమిషాల నడకే, మామయ్యగారు కూడా నెమ్మదిగా రాగలరు. ఆ రెండు చోట్లా ఆగితే అత్తయ్యగారి కడుపు కూడా కుదుటపడుతుంది.

తర్వాత నది వెడల్పవుతుంది, లోయ తెరుచుకుంటుంది, హాస్ట్ దగ్గర 700 మీటర్లు దాటిన ఒంటి వరస వంతెన వస్తుంది. అంత పొడవు కాబట్టి తప్పుకోవడానికి మధ్యలో జాగాలు కట్టారు. వంతెన దాటిన కాసేపటికి టాస్మాన్ సముద్రం. పొద్దున మంచు కొండ కింద చలికోటు వేసుకుని కారెక్కినవాళ్లు మధ్యాహ్నానికి ఇసకలో ఉంటారు. కొండలకీ సముద్రానికీ మధ్య ఇక్కడ దూరం అంత తక్కువ.

షిప్ క్రీక్ దగ్గర తప్పకుండా దిగండి. ఒక పక్క అలలు, ఇంకో పక్క నీళ్లలో నిలబడ్డ కహికటేయా చెట్ల అడవి, రెండిటికీ అరగంట లోపు నడకలున్నాయి. ఆ పేరుకో కథ ఉంది, బాబుకి నచ్చుతుంది. 1855లో షాంబర్గ్ అనే ఓడ ఆస్ట్రేలియా తీరంలో పగిలిపోయింది. దాని ముక్క ఒకటి సముద్రమంతా దాటి వచ్చి ఈ వాగు దగ్గర ఒడ్డుకి చేరింది. ఇసుక ఈగలు కూడా ఇక్కడే పలకరిస్తాయి. నల్లగా, చిన్నగా ఉంటాయి, మడమల దగ్గర కుడతాయి, దురద రోజుల తరబడి వదలదు. కాళ్లకి దోమల మందు రాసుకుని దిగండి, ఒకేచోట నిలబడకుండా నడుస్తూ ఉండండి. బాబుని మాత్రం నీళ్లలోకి వదలకండి, ఆ తీరంలో లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి.

ఇంకొంచెం పైకి వెళ్తే నైట్స్ పాయింట్. పారింగా, హాస్ట్‌ల మధ్య మిగిలిన ముక్క 1965లో పూర్తయింది, అంతవరకు ఈ తీరం వెంబడి దారే లేదు. అడవి సముద్రంలోకి జారిపడుతున్నట్టుండే ఆ కొండ అంచు చూస్తే ఎందుకంత కాలం పట్టిందో అర్థమవుతుంది.

వాన గురించి చెప్పకపోతే మోసం చేసినట్టే. టాస్మాన్ సముద్రం మీది తడిగాలి ఈ పర్వతాలకి కొట్టుకుని పడమటి వైపే అంతా కురిసిపోతుంది. ఫ్రాంజ్ జోసెఫ్‌లో ఏటా దాదాపు 5 మీటర్ల వాన. గట్టుకి ఇవతల టెకాపోలో దాదాపు 600 మిల్లీమీటర్లు. టెకాపోలో వేడి గాలి వీస్తోందంటే అవతల కుండపోతగా కురుస్తోందని లెక్క. చిన్న వానైతే భయపడక్కర్లేదు, ప్రతి కొండ మీదా కొత్త జలపాతాలు పుడతాయి. పెద్ద వానకి మాత్రం రోడ్డు మూసేస్తారు, దగ్గర్లో ఇంకో దారి ఉండదు. అందుకే ఐదో, ఆరో రాత్రుల గదులు రద్దు చేసుకునే వీలున్నవి తీసుకోండి. నాలుగో రోజు రాత్రి, ఐదో రోజు పొద్దున్న రహదారి శాఖ సైట్ చూడండి. మూసి ఉంటే మొండికేయకుండా వనాకాలోనే ఇంకో రాత్రి ఉండి, వచ్చిన దారినే క్రైస్ట్‌చర్చ్ వెళ్లిపోవచ్చు.

గ్లేసియర్ల మీద మీవారు పెద్ద ఆశ పెట్టుకున్నట్టున్నారు. కొంచెం తగ్గించమనండి. ఫాక్స్ లోయ రోడ్డు 2019లో కొట్టుకుపోయింది. ఫాక్స్, ఫ్రాంజ్ జోసెఫ్ రెండు గ్లేసియర్లూ బాగా వెనక్కి జరిగాయి, ఇప్పుడు దూరం నుంచి చూడటమే. మంచు మీద కాలు పెట్టాలంటే హెలికాప్టర్ ఎక్కాలి. నన్నడిగితే ఆరో రోజు పొద్దున్నే, గాలి లేవకముందే మాథెసన్ సరస్సుకి వెళ్లండి. టెకాపోకి ఇది పూర్తిగా వ్యతిరేకం. అడవి ఆకులు కుళ్లిన సారం కలిసి నీళ్లు టీ డికాషన్ రంగులో ఉంటాయి. ఆ నల్లదనం వల్లే అద్దంలా పనిచేస్తుంది, మౌంట్ కుక్ తలకిందులుగా అందులో కనిపిస్తుంది. మూడో రోజు ముందు నుంచి చూసిన కొండనే ఇప్పుడు వెనక నుంచి చూస్తున్నారన్నమాట.

ఆ రాత్రి హోకిటికా, ఏడో రోజు ఆర్థర్స్ పాస్ మీదుగా క్రైస్ట్‌చర్చ్, 250 కిలోమీటర్లు. ఓటిరా దగ్గర ఎక్కుడు నిటారుగా ఉంటుంది, అది మీవారికే వదిలేయండి. పైన ఆగితే కియా అనే ఆకుపచ్చ చిలుకలు కారు మీదికొస్తాయి. ఏమీ పెట్టకండి. ముద్దుగా ఉన్నాయని మురిసిపోతుంటే కిటికీ రబ్బరు పీకేస్తాయి.

సామాను సర్దేటప్పుడు ఒక మాట. పచ్చళ్లు, పొడులు, స్వీట్లు ఏది తీసుకెళ్లినా ఆ దేశంలోకి వెళ్లే ముందు నింపే డిక్లరేషన్‌లో రాయండి. రాస్తే ఆపితే ఆపుతారు, లేదా పంపిస్తారు. దాస్తే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. మట్టి అంటిన బూట్లు కూడా కడిగి తీసుకెళ్లండి. బాబుకి తొమ్మిదేళ్లు కాబట్టి చట్టం అడగదు కానీ, 148 సెంటీమీటర్ల ఎత్తు రాకపోతే బూస్టర్ సీటు అడిగి తీసుకోండి.

ఇంత చెప్పాక కూడా మీవారి మనసు మిల్ఫోర్డ్ మీదే ఉంటే ఒక దారి ఉంది. పడమటి తీరం పూర్తిగా వదిలేసి, క్వీన్స్‌టౌన్‌లో మూడు రాత్రులుండి, మిల్ఫోర్డ్‌కి టూర్ బస్సులో వెళ్లి రండి. డ్రైవింగ్ వాళ్లది, నిద్ర మీది. కానీ రెండూ కావాలంటే కుదరదు, ఏదో ఒకటి ఆయన్నే ఎంచుకోమనండి. "మీ ప్లాన్ బాలేదు" అనకండి, "ఈ రెండిట్లో ఏది?" అనండి. ఎక్సెల్ షీట్ వేసేవాళ్లకి ఆ ప్రశ్న బాగా నచ్చుతుంది.

ఆయన ఏది ఎంచుకున్నా మౌంట్ కుక్ ఊళ్లో ఉండాల్సిందే, అక్కడ గదులు బాగా తక్కువ. ముందు ఆ ఒక్క గది చూసుకుని, అది దొరికిన తేదీని బట్టి మిగతా రాత్రులు అటూ ఇటూ జరపండి.